పన్నెండో రౌండు

ఉండాలి. లోపల ఏదో ఒకటి కనపడాలి. పెద్దదేం అక్కర్లేదు, ఆవగింజంత మచ్చ చాలు, డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి "ఈయన ఇంక బాక్సింగు రింగులోకి దిగకూడదు" అనేటంత మచ్చ. మనిషికి మాత్రం ఏమీ కాకూడదు, తిని తిరిగి నవ్వుతూ ఉండాలి, మచ్చ ఉండాలి. ఛీ, ఇదేం కోరికే నీకు! మొగుడి తలకాయలో మచ్చ ఉండాలని కోరుకునే పెళ్ళాం ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ తలుపు వెనక ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి గుండ్రటి మిషన్లోకి తోశారు, అది టకటకా టకటకా కొడుతోంది, గోడ ఇవతలికి వినపడుతోంది, నేనేమో ఈ ఇనప కుర్చీలో కూర్చుని చేతిసంచీ పట్టీ మెలితిప్పుతూ మచ్చ కోసం దేవుడికి మొక్కుకుంటున్నాను. ఏం చెయ్యను మరి, చెప్పి చూశాను, ఏడ్చి చూశాను, తిండి మానేసి చూశాను, ఏదీ పనిచెయ్యలేదు. ఏభై రెండేళ్ళ మనిషి వచ్చే నెల గ్లవ్స్ వేసుకుని, పంతొమ్మిదేళ్ళ కిందట తన్ని ఓడించినవాడితోనే మళ్ళీ కొట్టుకుంటాడట. ఇద్దరి తలలకీ స్కానింగు తీసి డాక్టరు సరేనంటేనే పోటీ, ఇంక ఆపగలిగేది ఆ మిషను ఒక్కటే.

"అన్యాయం అండీ, పచ్చి అన్యాయం" అంటున్నాడు పక్కన మా అన్నయ్య ఫోనులో. వాడికి మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. పెద్దవాణ్ణి వాడు అనకూడదు, కానీ మనసులో అనుకునేది ఎవరికి వినపడుతుంది, ఈ ఒక్క చోటైనా నా ఇష్టం వచ్చినట్టు పిలుచుకోనీండి. ఫోనులో అవతల ఉన్నది ఈ పోటీ పెట్టిస్తున్న ప్రమోటరు. ఎప్పుడూ తెల్ల బూట్లేసుకుని వస్తాడు, మా ఇంట్లో సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని "అమ్మా, ఇది పోటీ కాదు, చరిత్రని సరిదిద్దడం" అన్నాడు, నాకు ఆ బూటు అడుగున అంటుకున్న బబుల్‌గమ్ తప్ప ఇంకేం కనపడలేదు. పోస్టర్లు అప్పుడే అచ్చేయించారు. న్యాయం జరిగే రోజు, అని పెద్దక్షరాలు. కింద మా ఆయన ముప్ఫై మూడేళ్ళప్పటి ఫొటో, చెమటతో మెరిసిపోతూ. ఇప్పటి ఫొటో వేస్తే ఎవడొస్తాడు చూడ్డానికి! న్యాయం, అన్యాయం, న్యాయం, అన్యాయం, పంతొమ్మిదేళ్ళుగా ఈ రెండు మాటలూ మా ఇంట్లో ఎంత నలిగాయంటే, ఇప్పుడు ఎవరి నోట విన్నా నాకు రోత. మాటవరసకి అనడం లేదు, నిజంగానే నోట్లో నీళ్ళూరతాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు.

మా ఆయన్ని జనం సమ్మెట అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై చిల్లర పోటీలు, ఒక్కటి ఓడిపోలేదు, నాలుగేళ్ళు ఛాంపియన్ బెల్టు ఆయన నడుముకే ఉంది. కొండ అని ఒకడుండేవాడు, గుమ్మంలో పట్టేవాడు కాదు, వాడితో ఆడినప్పుడు రెండో రౌండులోనే మా ఆయన పక్కటెముక విరిగింది, విరిగిన ఎముకతోనే ఇంకా ఏడు రౌండ్లు ఆడి వాణ్ణి పడగొట్టాడు, పడగొట్టినవాణ్ణి తనే లేపి నీళ్ళు తాగించాడు. తర్వాత వారమంతా ఊపిరి నిండా పీలిస్తే నొప్పని సగం సగం పీలుస్తూ "ఎలా ఆడానే?" అని నన్ను అడిగి, నవ్వొచ్చి, నవ్వితే నొప్పొచ్చి మూలిగేవాడు. అది ఎవరికైనా గుర్తుందా? ఒక్కరికి? మొన్న చెప్పులు కుట్టించుకుందామని వెళ్తే ఆ షాపాయన కూడా, "సమ్మెటగారి ఆవిడ కదూ, పాపం, ఆ రోజు ఎంత మోసం చేశారండీ" అన్నాడు. మోసపోయిన మనిషి, ఇప్పుడు ఆయన పేరు అదీ. గెలిచినవన్నీ గాలికి పోయాయి, ఓడిన ఒక్కటీ మిగిలింది. మా మామగారు పోయినప్పుడు పరామర్శకొచ్చిన ఒకాయన, శవం ఇంకా ముందుగదిలోనే ఉంది, మా ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పోయిన ఆయన గురించే అనుకున్నాను. "తొమ్మిదో రౌండులో మీరు కొట్టిన ఆ దెబ్బని లెక్కలోకే తీసుకోలేదండీ వెధవలు" అన్నాడు. మా అమ్మాయి పెళ్ళిలో పిల్లని పలకరించడానికి వరసలో నిలబడ్డవాళ్ళు పిల్లని వదిలేసి వాళ్ళ నాన్న దగ్గర ఆగిపోయి ఒక్కో రౌండూ ఏకరువు పెడుతుంటే, వరస కదలక పెళ్ళికొడుకు నిలబడే కునుకు తీశాడు. ఇంత జరిగినా మా ఆయన ఎవరినీ ఆపడు. అదే నాకు అసలు అసహ్యం. అన్యాయం అన్న మాట వినపడగానే ఆయన మొహం వెలుగుతుంది, తల కాస్త వంచుతాడు, "పోనివ్వండి, పైవాడున్నాడు" అని ఒక గొంతు పెడతాడు. ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వాడడు. కొండని పడగొట్టిన మనిషి దారిన పోయేవాళ్ళ జాలి మీద బతకడం ఎప్పుడు అలవాటు చేసుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఏం జరిగిందో నాకు తెలుసు. ఎవరో చెప్పగా తెలియడం కాదు, నేనక్కడ ఉన్నాను, రింగు మూలకి సరిగ్గా కింద, ఐసు సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆడదానికి అక్కడేం పని అంటే, ఆయన చేతులకి పట్టీలు కట్టేది నేను. గ్లవ్స్ లోపల కట్టుకునే గుడ్డ పట్టీలు. నేను కర్టెన్లు కుట్టే కొట్లో కటింగు చేస్తాను, గుడ్డ ఎటు లాగితే సాగుతుందో ఎటు సాగదో నా వేళ్ళకి తెలుసు. మా అన్నయ్య కడితే బొటనవేలి దగ్గర మడతపడి చర్మం కోసుకుపోయేది, అందుకని పెళ్ళైన ఏడాది నుంచీ ఆ పని నాది. మణికట్టు చుట్టూ, అరచేతి మీదుగా, వేళ్ళ సందుల్లోంచి, పిడికిలి బిగించండి, వదలండి, మళ్ళీ బిగించండి. పోటీ అయ్యాక విప్పేటప్పుడు ఆ తడి, ఆ పులిసిన వాసన, అప్పుడు అదేం రోత అనిపించేది కాదు, ఇంటికి తెచ్చి సబ్బు పెట్టి ఉతికేదాన్ని, దండెం మీద పొడుగ్గా ఆరేసేదాన్ని. ఆ రోజూ కట్టాను. అవతలివాడు ఎడమ చేత్తో కొడతాడు, అందుకని అందరూ ఎడంచేతోడు అనేవాళ్ళు. పదకొండు రౌండ్లయ్యేసరికి మా ఆయన ముందున్నాడు, ఒప్పుకుంటాను, కొంచెం ముందున్నాడు, కొంచెమే. మిగిలింది పన్నెండోది, ఆఖరుది. జడ్జీలు ముగ్గురూ ఎవరి పాయింట్లు వాళ్ళు గుట్టుగా ఉంచుకుని ఆఖర్న బయటపెడతారు, అప్పటిదాకా ఎవరు ముందో ఎవరికీ నిక్కచ్చిగా తెలియదు. అందుకే మూలలో ఉండే కోచ్ ఆఖరి రౌండుకి ముందు చెప్పాల్సింది ఒక్కటే. వెనకబడ్డావు, వెళ్ళి కొట్టు. ముందున్నా సరే అలాగే చెప్పాలి. మా ఆయన కోచ్ ఎవరు? మా అన్నయ్య. ఏం చెప్పాడు? నోట్లోంచి పళ్ళకి అడ్డుపెట్టే మౌత్‌గార్డ్ తీసి కడుగుతూ, "అయిపోయింది బావా, గెలిచేశాం, ఇంక నీకేం పన్లేదు, దూరదూరంగా తిరుగు చాలు" అన్నాడు. నా చెవులతో నేను విన్నాను. అంతటితో ఆగితే మా అన్నయ్య ఎందుకవుతాడు, వెనక్కి తిరిగి కుర్చీల్లో ఉన్న స్నేహితులకి బొటనవేలెత్తి చూపించాడు.

మా ఆయన తిరిగాడు. ఆ రౌండంతా తాళ్ళ వెంబడి తిరుగుతూనే ఉన్నాడు. మధ్యలో ఒక చెయ్యెత్తి జనానికి ఊపాడు కూడా. ఎడంచేతోడు వెంటపడి వెంటపడి కొట్టాడు, తడిబట్టని బండకేసి బాదినట్టు ఆ దెబ్బలు నాకు వినపడుతూనే ఉన్నాయి, ఐసు సంచీ కరిగి నా ఒళ్ళంతా తడిసిపోయింది. గంట కొట్టాక ఇద్దరు జడ్జీలు ఒక్క పాయింటు తేడాతో ఎడంచేతోణ్ణి గెలిపించారు, మూడోవాడు మా ఆయన్ని. అంతే, జనం లేచారు, కుర్చీలు గాల్లోకి లేచాయి, ఆ గోలలో అందరికంటే ముందు "మోసం! మోసం!" అని అరిచింది ఎవరనుకున్నారు? ఎవరైనా కోచ్ వైపు వేలు చూపించేలోపే వాడు జడ్జీల వైపు వేలు చూపించాడు. ఆ వేలు ఇప్పటికీ దించలేదు. ముందు జడ్జీలు అమ్ముడుపోయారన్నాడు, తర్వాత గ్లవ్స్‌లో ఏదో ఉందన్నాడు, ఆ తర్వాత నీళ్ళ సీసాలో ఏదో కలిపారన్నాడు, ఆ నీళ్ళు పట్టింది నేనే అన్నయ్యా అంటే నోరు మూసుకున్నాడు. నేను చెప్పలేదా? ఆ వారమే చెప్పాను, అందరి ముందూ చెప్పాను, నీ మాట విని ఆ రౌండు పారేసుకున్నాడు అని. "నువ్వూరుకోవే, కర్టెన్లు కత్తిరించుకునేదానికి నీకేం తెలుసు బాక్సింగు!" అన్నాడు. మా ఆయన నావైపు చూడలేదు. గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా అన్నయ్య జిమ్ములో గోడ మీద పెద్ద టీవీ ఉంది. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఆ పోటీ చూపిస్తాడు. దీపాలార్పి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ, ఇదిగో ఈ దెబ్బ చూడండి, ఇదిగో ఇది లెక్కేశారా అంటూ. మొదటి రౌండు నుంచి పదకొండో రౌండు దాకా. పన్నెండోది ఎప్పుడూ వెయ్యడు. పదకొండో గంట కొట్టగానే దీపాలు వేసేసి "మిగతాది మీకు తెలిసిందే, దోచుకున్నారు" అంటాడు. మా ఇంట్లోనూ అదే. మా ఆయన వారంలో నాలుగు రోజులు పెట్టుకుంటాడు ఆ వీడియో, వేలితో వెనక్కి జరుపుతూ ముందుకి జరుపుతూ, పదకొండు దగ్గర ఆపేసి లేచి వెళ్ళి మొహం కడుక్కుంటాడు. ఒకసారి, "ఆ ఆఖరుది కూడా పెట్టండి, చూద్దాం" అన్నాను. రిమోట్ బల్ల మీద పెట్టి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పంతొమ్మిదేళ్ళ నుంచి మా ఆయన జీవితంలో పదకొండు రౌండ్లే ఉన్నాయి. పన్నెండోది చూసుకుని, ఛ, తప్పు చేశానే అని ఒక రోజు ఏడ్చేసి ఉంటే, ఆ మర్నాటి నుంచి మళ్ళీ మనిషయ్యేవాడు, కొండని పడగొట్టినదీ గుర్తొచ్చేది. ఏడవనివ్వలేదు వీళ్ళు. అయ్యో అయ్యో అని చుట్టూ చేరి జోకొట్టి పడుకోబెట్టారు.

ఇక ఈ నెల్లాళ్ళ నుంచీ మా ఇంట్లో జరిగే భాగోతం చెప్పుకుంటే సిగ్గుచేటు. పొద్దున్నే పొట్ట చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని హాల్లో తాడు గెంతుతాడు, కింద ఇంటివాళ్ళు కర్రతో పైకప్పు పొడుస్తారు. ఆ ప్లాస్టిక్ విప్పితే చెమట జారి నేలంతా మడుగు, నేనే తుడవాలి. పోస్టరు కోసం జుట్టుకి రంగేశాడు, అది దిండు గలీబుకి అంటుకుని ఎంత ఉతికినా పోవడం లేదు. అద్దం ముందు నిలబడి పిడికిళ్ళు ఆడిస్తూ ముక్కుతో ఉఫ్ ఉఫ్ అంటాడు, భుజం కింద చర్మం ఊగుతుంది, దాన్ని చూసుకోడు, మొహం మాత్రమే చూసుకుంటాడు. అయ్యో నా రాజా అని నాకు ఏడుపొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. అసలు భయం అది కాదు. చెంచా అనబోయి మాట రాక, "అదే, అది, తినేది" అని గాల్లో చెయ్యి తిప్పాడు మొన్న. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాడు, సరే అందరూ మర్చిపోతారు, మా వీధి మలుపు దగ్గర ఎటు తిరగాలా అని నిలబడిపోయాడు, అందరూ మర్చిపోరు కదా. ఈయన తలకాయ మీద ఎన్ని దెబ్బలు పడ్డాయి, ఇంకా పడాలా? ఈసారి పడితే చెంచాతో ఆగుతుందా? మా అన్నయ్యకి చెప్తే "ఏకాగ్రత అంతా పోటీ మీదుందే, అంతే" అన్నాడు. అందుకే మచ్చ కావాలి నాకు. చిన్నది.

అన్నయ్య సిగ్నలు సరిగా లేదని బయటికి వెళ్ళాడు. అమ్మయ్య. వరండాలో ఇప్పుడు నేనూ, గోడకి తగిలించిన గడియారం, మూలన కాఫీ మిషను, ఎదుటి కుర్చీలో ఆయన. ఎడంచేతోడు. ఈయన్ని పొద్దున్నే మిషన్లో పెట్టి తీశారట, ఫలితం చెప్తారని కూర్చున్నాడు, ఒక్కడే వచ్చాడు, ఒళ్ళో నీళ్ళ సీసా. పంతొమ్మిదేళ్ళు మా ఇంట్లో రాక్షసుడిలా తలుచుకున్న మనిషి. మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని, జుట్టు నెరిసిపోయి, రంగూ గింగూ ఏమీ లేకుండా. నేను చూడటం చూసి కొంచెం నవ్వాడు.

"ఆ మిషన్లో కాఫీ బాగుంటుందా చెల్లెమ్మా?"

"వేడిగా ఉంటుందండీ. అంతకంటే చెప్పలేను."

నవ్వాడు, లేవలేదు. ఊరుకోవచ్చు కదా నేను, ఊరుకోలేకపోయాను. "మీకెందుకండీ ఈ వయసులో ఇది? ఆయనంటే ఓడిపోయాడు, కసి. గెలిచినవాళ్ళు మీకేం పోయేకాలం?" అనేశాను. నోరు జారాక నాలిక కరుచుకున్నాను. ఆయన కోప్పడలేదు. సీసా మూత తిప్పుతూ, "నేను గెలిచానని నాతో ఇప్పటిదాకా అన్నది నువ్వొక్కదానివే" అన్నాడు. ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడట. మధ్యలో ఆగిపోయిన లిఫ్టు తలుపు తెరిచి మనుషుల్ని బయటికి లాగుతాడు కదా, బయటపడి ఊపిరి పీల్చుకోగానే వాళ్ళు అడిగే మొదటి మాట, మీరు ఆ దొంగ పోటీ ఆయన కదూ, అనేనట. "బెల్టు ఇంటికి తీసుకెళ్ళిన రోజు మా అమ్మ తలుపేసి, నాకు ఒక్కదానికి నిజం చెప్పరా, ఎవరిని పట్టుకున్నావు, అంది. ఒట్టేసి చెప్పాను. సరేలే అంది. నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదు." బెల్టు ఏం చేశారని అడగబోయి మానేశాను. ఆయనే అన్నాడు, "ఈసారి ఓడిపోదామనే ఒప్పుకున్నానమ్మా. వాళ్ళ కోరిక తీరితే నన్ను వదిలేస్తారు కదా. ఒక మంచి దెబ్బ తగలనిచ్చి కూర్చుండిపోతాను, మీ ఆయనకేం కాదులే, నువ్వు బెంగపెట్టుకోకు." న్యాయంగా గెలుచుకున్నదాన్ని పంతొమ్మిదేళ్ళు దొంగసొత్తులా దాచుకున్న మనిషి, దాన్ని వదిలించుకోవడానికి దెబ్బలు తినడానికొచ్చాడు. ఎవరి మీద ఉమ్మాలో తెలియక నేల మీద గళ్ళు చూస్తూ కూర్చున్నాను.

మిషను ఆగింది. మా ఆయన ఆసుపత్రి గౌనులోంచి చొక్కాలోకి మారి బయటికొచ్చాడు, "ఆ చప్పుడులో కూడా నిద్రపట్టేసిందే నాకు!" అని నవ్వుతూ. ఎదురుగా ఉన్న ఆయన వైపు చూడనట్టు నటించాడు, ఛాతీ మాత్రం కొంచెం ముందుకొచ్చింది. కాసేపటికి డాక్టరు పిలిచింది, చిన్న పిల్లలా ఉంది, అప్పటికి అన్నయ్యా తిరిగొచ్చాడు, ముగ్గురం వెళ్ళాం. తెర మీద మా ఆయన తలకాయ, ముక్కలు ముక్కలుగా, బూడిదరంగులో. నేను మచ్చ కోసం వెతుకుతున్నాను, నాకేం తెలుస్తుంది, కానీ కర్టెను గుడ్డ మీద మరక వెతికినట్టు మూల నుంచి మూలకి వెతుకుతున్నాను. "ఏమీ లేదండీ, శుభ్రంగా ఉంది, వయసుకి తగ్గట్టే ఉంది" అంది ఆ పిల్ల. "మరి మాటలు మర్చిపోతున్నాడు, దారి మర్చిపోయాడు" అన్నాను. "అది వేరే పరీక్షమ్మా, పోటీ పెట్టేవాళ్ళు అడిగింది ఇది మాత్రమే" అంది. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది, నిజం, నా మనిషికేం లేదు అనుకున్నాను. రెండో క్షణానికి అర్థమైంది, ఇంక ఆపేవాళ్ళు లేరు. మా ఆయన బయటికొస్తూ గుమ్మంలో రెండు పిడికిళ్ళూ గాల్లో ఆడించాడు, ఉఫ్ ఉఫ్ అని. "ఇంటికెళ్ళగానే పట్టీలు తియ్యవే, నువ్వు కడితేనే దిగుతాను" అన్నాడు నాతో, ముద్దుగా. నేను కట్టనన్నాను. అన్నయ్య, "దానికేం, నేను కడతాలే బావా" అన్నాడు.

ఎడంచేతాయన్ని లోపలికి పిలిచారు. మేము వెళ్ళిపోవచ్చు, కానీ ప్రమోటరు ఇద్దరి ఫలితం కనుక్కుని చెప్పమన్నాడని అన్నయ్య కూర్చున్నాడు. లోపల చాలాసేపైంది. మాకు పట్టిన దానికంటే చాలా ఎక్కువ. ఆ తలుపు తెరుచుకునేసరికి నాకు తెలిసిపోయింది. ఆయన పై గుండీ విప్పేసి ఉంది. మెల్లగా వచ్చి తన కుర్చీలో కాకుండా మా ముందు నిలబడి, మా ఆయనతో అన్నాడు, "పోటీ లేదు. లోపలేదో కనపడిందట. ఇంజెక్షను ఇచ్చి మళ్ళీ తీస్తారట. రింగు మాట ఇంక మర్చిపొమ్మంది."

దేవుడా. నేనడిగింది నువ్వు విన్నావు, ఇలాగా వినడం! మచ్చ కావాలన్నాను, మచ్చ ఇచ్చావు, మా కుర్చీకి అడిగితే ఎదుటి కుర్చీకి ఇచ్చావు. మా అన్నయ్య "అయ్యయ్యో" అన్నాడు, అనాలి కాబట్టి. ఆ మాట పూర్తవకుండానే వాడి కళ్ళు తిరగడం మొదలుపెట్టాయి, లోపల ఏదో కూడుకుంటున్నాడు. "అంటే, మీ అంతట మీరు తప్పుకున్నట్టే కదా? తప్పుకుంటే రూలు ప్రకారం మనం గెలిచినట్టే! బావా, మనం గెలిచాం!" అన్నాడు. మనం అట, మనం! నేను మా ఆయన వైపు చూశాను. ఇప్పుడైనా లేచి ఆ మనిషి భుజం మీద చెయ్యి వేస్తాడు, పడినవాణ్ణి లేపి నీళ్ళు తాగించినవాడు కదా, ఆ మనిషి లోపలెక్కడో ఉంటాడు కదా అని చూశాను. లేచాడు. దగ్గరికెళ్ళాడు. "ఒక్క మాట చెప్పు" అన్నాడు. "ఆ రోజు గెలిచింది నేనే కదూ?"

ఎడంచేతాయన విప్పిన పై గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "నువ్వే గెలిచావు. తీసుకో" అన్నాడు, దాహమన్నవాడికి గ్లాసు ఇచ్చినంత మామూలుగా. మా ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు, కళ్ళు చెమర్చాయి, నా వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు. విన్నాను. అన్నయ్య అప్పటికే ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "ఒక్కసారి, ఇటు తిరిగి మళ్ళీ అనండి, ప్లీజ్, బావా నువ్వు పక్కకి రా, ఆ పిడికిలి ఎత్తు, ఎత్తు." పిడికిలి ఎత్తాడు. నా మొగుడు, నాతో పాతికేళ్ళు పక్క పంచుకున్నవాడు, తలలో మచ్చ ఉందని ఇప్పుడే విన్న మనిషి పక్కన నిలబడి పిడికిలెత్తి పళ్ళు కనపడేలా నవ్వాడు. ఆ మనిషి మళ్ళీ అన్నాడు. ఆయనే గెలిచాడండీ, అని ఫోనులోకి. అన్నయ్యకి వెలుతురు సరిపోలేదట, మూడోసారీ అనిపించాడు. ఇంత రోత నేను ఎన్నడూ చూడలేదు, తడిసిన పట్టీల్లో లేదు, ఉమ్మేసే బకెట్లో లేదు, ఇంత రోత. ఇంక నాకు భయం లేదు, పోటీ లేదు, నేను కోరుకున్నది జరిగింది, ఆయన్ని తీసుకుని ఇంటికెళ్ళొచ్చు, ఇంటికెళ్ళాక రోజూ ఆ మొహమే చూడాలి.

లోపలి నుంచి నర్సు వచ్చింది, చేతిలో మూత పెట్టిన ట్రే. "ఈయన తాలూకు ఎవరండీ? ఇంజెక్షను ఇస్తే కళ్ళు తిరుగుతాయి, పక్కన ఒకరుండాలి." ఆయన "ఎవరూ రాలేదమ్మా, నేనుండగలను" అన్నాడు. అన్నయ్య వీడియో పంపుతున్నాడు. మా ఆయన దాన్ని వాడి భుజం మీంచి చూసుకుంటున్నాడు. నేను లేచాను. చేతిసంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళి ఆయన నీళ్ళ సీసా అందుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు మా ఆయన తలెత్తి.

నర్సు నన్ను కిందికీ పైకీ చూసింది. "మీరు ఈయనకి ఏమవుతారమ్మా?"

వరండా చివరిదాకా వినపడేలా చెప్పాను. "ఈయన చేతిలో ఓడిపోయినాయన భార్యని."